రేడియోకి పెట్టిన బొట్టు

...అందుకే నిన్నటి కాగితంలో ఆ సంగతి రాయలేదక్కా. అమ్మకి నిన్నటిదే సదివి ఇనిపించు. నేను బాగున్నాను, అరకులో సలి ఎక్కువే గానీ రెండు దుప్పట్లున్నాయి, స్కూల్లో ఇంగ్లీషు బాగానే వత్తంది అని అందులో ఉంది. అవన్నీ నిజమే. ఇది మటుకు నువ్వొక్కదానివే సదువు. అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? నువ్వు ఏలకి తింటన్నావా?

సిన్నాన్న పాస్టరు కదా, ఇంట్లో టీవీ పేరెత్తనివ్వడు. సాతాను డబ్బా అంటాడు. ఆదివారం ఆయనా పిన్నీ ముందే సర్చికి ఎల్లిపోతారు. వాళ్ళ రూతుని తయారుసేసి సండేస్కూల్‌కి తేవడం నా పని. దారిలో కిరాణా కొట్టోళ్ళ ఇల్లుంది. మూడు వారాల్నుంచి దేవుడి సీరియల్ సూడ్డానికి దాన్ని అక్కడికి తీసికెల్తన్నాను. ఈ ఊర్లో నాతో నవ్వి మాట్లాడేది ఆ కొట్టామె ఒక్కతే. "సెప్పులు బయట ఇప్పీసి రండే గుంటల్లారా, సామి వచ్చే టైమైంది" అని టీవీకి బొట్టెట్టి అగరొత్తి ఎలిగిత్తాది.

రూతుకి ఐదేళ్ళు. "అక్కా, మన దేవుడు ఏ డబ్బాలో వత్తాడే?" అంది. నేను నవ్వులాటకి "రేడియోలో" అన్నాను. సిన్నాన్న రోజూ సాయంత్రం వాక్యం ఇనేది అందులోనే కదా.

గురువారం ఆయన వాక్యం పెడదామని వచ్చీసరికి రేడియోకి కుంకం బొట్టు, మీద బంతిపువ్వు, ముందర అగరొత్తి పొగ. అన్నీ కొట్టామె దానికి పొట్లం కట్టి ఇచ్చినవే. రూతు సేతులు జోడించి కూకుంది. పిన్ని కెవ్వుమంది.

"ఎవరు నేర్పినారే?" అన్నాడు సిన్నాన్న. రూతు నోరిప్పలేదు. టీవీకి ఎల్తన్న సంగతి ఎవరికీ సెప్పనని దానిసేత బైబిలు మీద నేనే ఒట్టేయించాను.

రెండ్రోజులైంది. నిజం సెప్పేవరకు దానికి పాలు తప్ప ఏటీ లేదు. దాంతో పాటు సిన్నాన్న కూడా అన్నం మానీసాడు. పిన్ని ఏడుత్తా నాకొక్కదానికే వడ్డిత్తంది. తింటన్నానక్కా.

ఈ పొద్దు దానికి ఒల్లు కాలిపోతంది. "ఒట్టు తప్పితే యేసయ్య కొడతాడా అక్కా?" అని సెవిలో అడిగింది. కొడతాడన్నాను. నేనే అన్నాను.

రేపు ఆదివారం. దాన్ని సంఘం ముందు నిలబెడతాడంట. నేను సెప్పీసానంటే నాకు టెన్త్ లేదు, ఏటీ లేదు, జి.మాడుగుల బస్సెక్కించి మనింటికి పంపీత్తాడు. నాన్నని బేగి పంపవే. నాన్న పక్కనుంటే సెప్పగలను. ఉత్తరం సేరడానికి నాలుగు రోజులు పడతాదని తెలుసు. ఐనా పంపు.

తాతకి, అమ్మకి, నాన్నకి నా వందనాలు. ప్రార్థన సెయ్యండి. నాకు కాదు, రూతుకి.

తలుపు కొడతన్నారు. గడియకి బాగా కిందన కొడతన్నారు. రూతే. "అక్కా, నేను సెప్పలేదే" అని గట్టిగా అంటంది.

దాని ఎనకాల సిన్నాన్న దగ్గు ఇనబడింది.

కాగితాలు ట్రంకుపెట్టె కిందికి తోసీత్తన్నాను. తలుపు నేనే తియ్యాలి.