ఉదాహరణ మార్చుటకు అనుమతి కోరుతూ

తిరుపతి,
గురువారం.

ఆంగ్ల విభాగాధిపతి పరాశర్ గారికి,

తరగతిలో నేను చెప్పిన ఉదాహరణ తమను ఉద్దేశించినదేనని, దానిని మార్చకపోతే వచ్చే ఏడాది నా కాంట్రాక్టు పొడిగించబోమని తమరిచ్చిన మెమో అందినది. జరిగినది మనవి చేస్తున్నాను.

సోమవారం రిహానా అనే విద్యార్థిని, "శాంక్టిమోనియస్ అంటే ఎట్లాంటోళ్లు మేడమ్?" అని అడిగింది. తమ పవిత్రతను చూపించి ఎదుటివారిని చిన్నబుచ్చేవారని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. అలిపిరి మెట్లెక్కి కొండకు చేరినవాడు, బస్సులో వచ్చినవాడిని చూసి, "బస్సులో వచ్చినావా అప్పా? దర్శనమైతే అయ్యుంటాది గానీ, పుణ్యం యాడ నుంచొస్తాది?" అంటాడే, అతడని వివరించాను. నేనెవరి పేరూ చెప్పలేదు. వెనుక బెంచీ నుంచి "మన సారే కదబ్బా" అని వినిపించిన మాట నాది కాదు.

ఈ ఉద్యోగం నాకు అవసరం కనుక ఆ ఉదాహరణను ఉపసంహరించుకుంటున్నాను. దాని స్థానంలో, మెమో చివర తమరు స్వహస్తాలతో చేర్చిన ఈ వాక్యాన్ని బోధించడానికి అనుమతి ప్రార్థిస్తున్నాను:

"నేను నూట ఎనిమిదిసార్లు మెట్లెక్కినా ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు; ఆ వినయం మీవంటివారికి అర్థం కాదు."

ఇంత స్పష్టమైన ప్రయోగం గ్రంథాలయంలోని ఏ నిఘంటువులోనూ లభించలేదు.

తమ విధేయురాలు,
కాంట్రాక్టు అధ్యాపకురాలు