డబ్బాలో తక్కువైన మంచు

ఫిబ్రవరి 12, గురువారం. ఆబిడ్స్.

లడఖ్‌లో నేను తయారుచేసి పంపిన కొలత డబ్బాతో మంచు కొలిచే యాదగిరి సెలవు మీద నాంపల్లి వచ్చి, నేడు నా పరికరాల దుకాణానికి వచ్చాడు. నేలపై మోకాలి లోతు మంచున్నా డబ్బాలో అరచేతి మందమే పడుతోందట.

"పొయ్యికాడ కూసొని కాకి లెక్కలు రాస్తున్ననని మా సారు నోటీసిచ్చిండన్నా. చలిల సచ్చేది నేను, దొంగను గూడ నేనే!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తప్పు నాది. గాలి మంచును డబ్బా మీదుగా ఎగరేసుకుపోతుంది. చుట్టూ గాలిని ఆపే రేకుల కంచె అమర్చాలని చదివి ఉండీ, కొన్నవారు అడగలేదు కదా అని మానేశాను. ఈ మాటే వాళ్ళ అధికారికి ఉత్తరంగా రాసి, సంతకం చేసి ఇచ్చాను.

"గిట్ల రాస్తే మీ దుకాణం పేరేం గావాలె?" అన్నాడు యాదగిరి.

ఉత్తరం అతని జేబులో పెట్టి పంపించాను. కంచె లేని డబ్బాలు మరెవరెవరికి పంపానో ఇప్పుడు జాబితా రాస్తున్నాను. ఏడు పేర్లయ్యాయి. ఇంకా గుర్తొస్తున్నాయి...