కిమోతో ఎవరి కొడుకు

2 ఫిబ్రవరి 1955

గథోని వదిన కడుపు ఇక దుప్పటి చాటున దాగడం లేదు. ఆరో నెల. మా అన్న ముతాహి న్యాందారువా అడవిలోకి వెళ్లి ఏడాదిన్నర అయింది. ఊళ్లో అందరికీ నెలలు లెక్కపెట్టడం వచ్చు.

అన్న ప్రమాణం చేసి అడవి పట్టాడు, తెల్లవాళ్లను తరిమి భూములు తిరిగి తెస్తానని. నేను మిషన్ స్కూల్లో చదివి, హోమ్ గార్డ్ పోస్టులో క్లర్క్‌గా చేరి, ఆ తెల్లవాళ్ల తరఫున మా ఊరివాళ్లకు ఊరు దాటే పాసులు రాస్తున్నాను. వెళ్లేముందు వాడు నాతో మాట్లాడలేదు. నేనూ పిలవలేదు.

అడవివాళ్లకు పిడికెడు తిండి పెట్టిన ఆడదాన్ని నిర్బంధ క్యాంపుకు పంపుతారు, గుడిసె తగలబెడతారు. వచ్చినవాడు మొగుడైనా అంతే.

ఈ నోట్‌బుక్‌ను చిక్కుడుగింజల గోనెలో దాస్తున్నాను. దొరికితే ముందు ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత ఏం పోతుందో రాయడం అనవసరం.

5 ఫిబ్రవరి

హెడ్‌మన్ గిచూకి వదినను పోస్టుకు పిలిపించాడు. జిల్లా అధికారి, డి.ఓ. దొర, కుర్చీలో కూర్చున్నాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చేది నేను. ఎవరిదని అడిగితే వదిన నేల చూస్తూ నిలబడింది, అంతే. దొర విసుక్కున్నాడు. పోస్టులో నలభైమంది గార్డులున్నారు, వాళ్లలో ఏ గాడిదైనా కావచ్చు, అడవివాడిదే అనడానికి రుజువేదీ అన్నాడు.

గిచూకి నవ్వాడు. రుజువెందుకు బాబూ, కాన్పయ్యి పేరు పెట్టనివ్వండి అన్నాడు. మగపిల్లాడైతే తండ్రిని కన్నవాడి పేరు, ఆడపిల్లయితే తండ్రిని కన్నామె పేరు. దొరల ముందు ఎన్ని అబద్ధాలైనా చెబుతారు గానీ మా జనంలో ఏ తల్లీ ఈ ఒక్కదాంట్లో అబద్ధమాడదు, పేరు చెప్పిందంటే తండ్రెవరో చెప్పినట్టే అన్నాడు.

దొరకు ఈ ఆట నచ్చింది. సరే, ఆగుదాం అన్నాడు. గిచూకి చెప్పింది అక్షరాలా నిజం. అదే నా భయం.

11 మార్చి

అడవివాళ్లు రాకుండా ఊరి చుట్టూ తవ్వే కందకం ఇంకా లోతు కావాలట. కడుపుతో ఉన్నవాళ్లకు అందులో పాతే వెదురు మేకులు చెక్కే పని. వదిన పేరు లిస్టులో నేనే రాశాను.

3 ఏప్రిల్, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా అమ్మ దగ్గరకు వెళ్లాను. వేరే ఏదైనా పేరు పెట్టండి, ప్రాణం మీదికి వచ్చింది అన్నాను. అమ్మ చేతిలో గరిటె పొయ్యిలో పడేసింది. మీ నాన్న ఈ పేరుతో మళ్లీ మన ఇంటికి వస్తుంటే, గుమ్మంలో నిలబెట్టి, నీ పేరు మార్చుకో అప్పుడే రానిస్తా అనమంటావా అంది. నిన్ను స్కూలుకు పంపి నా చేతులారా చెడగొట్టుకున్నాను అని కూడా అంది. నాన్న పోయి పదేళ్లు.

వదిన దాచలేదు. ఆగస్టులో, మొక్కజొన్న నిలువెత్తు ఉన్నప్పుడు అన్న చేలోకి వచ్చాడట. ఉడకబెట్టిన గింజలు నిలబడే తిన్నాడట. వెళ్లేటప్పుడు, కొడుకు పుడితే నాన్న పేరు పెట్టు అన్నాడట. చెబుతున్నంతసేపూ ఆమె మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్లు మండింది. నా గురించి ఎవరూ ఎప్పుడూ ఆ మొహంతో చెప్పలేదు.

14 మే

మగపిల్లాడు. మంత్రసాని పని అమ్మే చేసింది. గుడిసె బయటికొచ్చి ఐదుసార్లు కూత పెట్టింది. ఆడపిల్లయితే మూడే. ఊరంతా లెక్కపెట్టింది, కాపలా బురుజు మీద గార్డులతో సహా. నా భార్య వైరిము గంజి కాచి పట్టుకెళ్లింది.

16 మే, మధ్యాహ్నం

ఈ రోజు నోట్‌బుక్‌ను చొక్కాలో దాచుకుని పోస్టుకు తెచ్చాను.

వదినను కాన్పయిన రెండో రోజునే పోస్టుకు నడిపించుకొచ్చారు. కూర్చోమని ఎవరూ అనలేదు. గిచూకి పిల్లాడి పేరు అడిగాడు. వదిన తలెత్తి కిమోతో అంది. మా నాన్న పేరు. గిచూకి తొడ చరిచాడు. చూశారా బాబూ, కిమోతో కొడుకు ముతాహి, వాడు ఊళ్లోకి వచ్చాడు, ఇది తిండి పెట్టింది, ఇంకేం కావాలి అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. దొర సొరుగులోంచి క్యాంపు ఫారం తీసి నా ముందుకు తోశాడు, నింపమని.

పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. కిమోతో నాకూ నాన్నే అన్నాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత మా భాషలో.

దొరకు అర్థమవడానికి కాస్త టైం పట్టింది. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. గిచూకి నోరు తెరిచి మూశాడు. పాపం, ఆచారం అతను చెప్పినట్టే ఉంది, అన్నకైనా తమ్ముడికైనా పుట్టినవాడు కిమోతోనే. దొర ఫారం సొరుగులో పెట్టి, నా భుజం తట్టి, తండ్రి గడిలో నీ పేరు రాసుకో అన్నాడు. రాసుకున్నాను.

వదినను కాపాడాను అనుకున్నాను. ఆమె నన్ను చూసిన చూపులో అసహ్యం తప్ప ఇంకేమీ లేదు.

16 మే, సాయంత్రం

వార్త నాకంటే ముందే ఇల్లు చేరింది. వైరిము నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నువ్వా, గుడ్లగూబ కూస్తే నన్ను లేపేవాడివి, నువ్వు పోయి అంత పని చేశావా అని పగలబడి నవ్వింది. తర్వాత చెంగులో మొహం దాచుకుని ఏడ్చింది. అబద్ధమని ఆమెకు తెలుసు. కానీ రేపు ఏటి దగ్గర నీళ్లకు వెళ్లాల్సింది ఆమె.

29 మే

అడవివాళ్ల భార్యలు వదిన పక్కన నిలబడి తవ్వడం మానేశారు. గార్డుల పెళ్లాం అంటున్నారు. ఇదివరకు ఆమె వాటా మట్టి కూడా వాళ్లే మోసేవాళ్లు.

వదిన అమ్మతో కబురు చేసింది. క్యాంపుకు పోయినా అక్కడ నేను ముతాహి భార్యనే, ఇప్పుడు నేను ఎవరి భార్యనో మీవాణ్ణే చెప్పమను అందట. అమ్మ నా ఇంట్లో నీళ్లు ముట్టడం లేదు.

పిల్లాణ్ణి చూడ్డానికి వెళ్లలేదు. వెళ్తే ఒక మాట, వెళ్లకపోతే ఇంకో మాట.

12 జూన్

సంగతి అడవికి చేరిందట. వైరిము తలుపుకు ఇంకో గడియ పెట్టించింది.

4 జూలై

అన్న పోస్టుకు వచ్చాడు. పట్టపగలు, చేతిలో పచ్చని కొమ్మ పట్టుకుని. కొమ్మతో వచ్చి లొంగిపోయినవాళ్లను చంపబోమని విమానాల్లోంచి కాగితాలు వేస్తున్నారు కదా. జుట్టు భుజాల దాకా, ఒంటి మీద జంతుచర్మం, లోపల ఎముకలు. తుపాకి కింద పెట్టాడు. నన్ను చంపడానికే వచ్చాడనుకున్నాను.

గుంపులో ఎంతమంది, ఎక్కడున్నారు అని దొర అడిగాడు. అన్న దొర వైపు చూడనే లేదు. నావైపు తిరిగి, ఒరేయ్ తమ్ముడూ, చెప్పు వీడికి అన్నాడు. కిమోతో నా కొడుకు, ఆగస్టులో చేలోకి వచ్చింది నేనే, ఇది చెప్పడానికే వచ్చాను, ఇంకో ముక్క చెప్పను అన్నాడు.

అన్నా, నోరు మూసుకో, వదినను పట్టుకుపోతారు అన్నాను. ఆమెనే అడగరా, నువ్వెవడివి మధ్యలో అన్నాడు. గిచూకి అప్పటికే వదిన కోసం మనిషిని పంపాడు.

వదిన కందకంలోంచి వచ్చింది, పాదాలకు మట్టి, వీపున పిల్లాడు. అన్న పక్కకు వెళ్లి నిలబడింది. అవును, ఆయనే వచ్చాడు, నేనే తిండి పెట్టాను అంది. బయట తవ్వుతున్నవాళ్లకు వినబడేలా అంది. గడ్డపారల చప్పుడు ఆగింది.

దొర నా వంక చూశాడు. నేనేం చెప్పినా నమ్మేలా ఉన్నాడు. ఒక్క మాట మార్చకుండా చెప్పాను. దొర ఈసారి నవ్వలేదు. ఫారం తీశాడు, నా చేతికివ్వకుండా తనే నింపాడు. రేపటి నుంచి పోస్టుకు రావద్దన్నాడు.

అన్నను అప్పటికప్పుడే లారీ ఎక్కించారు. ఎక్కేముందు పిల్లాడి పాదం పట్టుకుని చూశాడు. గార్డు తోసేదాకా వదల్లేదు. నన్ను చూడలేదు.

6 జూలై

వదిన లారీ పదింటికి బయల్దేరింది. లారీ ఎత్తుగా ఉంది, పిల్లాడితో ఎక్కడం కుదరదు. వీపున ఉన్నవాణ్ణి విప్పి, చుట్టూ చూసి, నా చేతుల్లో పెట్టింది. నేను కిమోతోను ఎత్తుకోవడం ఇదే మొదటిసారి. బరువుగా ఉన్నాడు. ఆమె పైకెక్కి చేతులు చాపింది. ఇచ్చేశాను.