ఖాజా పెంచిన సౌండు

శుక్రవారం రాత్రి, భీమడోలు

నిద్ర పట్టడం లేదు. ముగింపు ప్రార్థన దాకా సువార్త సభ బాగానే జరిగింది. అప్పుడు సంఘ పెద్ద దానియేలు గారు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఆ తురకల కుట్రల నుంచి మా ఊరిని కాపాడు తండ్రీ" అన్నారు. చేపల చెరువుల్లో వాళ్లు విషం కలుపుతున్నారని వారంగా టీవీలో ఒకటే గోల. అలవాటు కొద్దీ జనమంతా ఆమెన్ అన్నారు. పాస్టరునై ఉండి నేనూ అన్నాను.

కళ్లు తెరిస్తే ఎదురుగా మైకుసెట్టు దగ్గర ఖాజా. మా సభలన్నింటికీ మైకు అతనిదే.

దానియేలు గారిని పక్కకు పిలిచి అడిగాను.

"అయ్యో, మన ఖాజాని కాదండీ, అతను బంగారం. నేనన్నది టీవీలో చూపిస్తున్నారే, ఆ విషం కలిపేవాళ్లనండీ."

ఆ టీవీలో వాళ్లు మాత్రం ఏదో ఊళ్లో ఎవరికో ఖాజాలు కారా? డబ్బిచ్చి మతం మారుస్తున్నామని అదే ఛానెల్ మన మీద చెప్పినప్పుడు, అబద్ధమని ఉపవాస ప్రార్థన పెట్టించింది ఈయనే! మరి ఇప్పుడు...

వైర్లు చుట్టుకుంటూ ఖాజా నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయన గొంతు వెనకాలవాళ్లకి అందట్లేదండీ. అందుకే చివర్లో సౌండు పెంచాను. రేపు ఇంకో మంచి మైకు తెస్తానండీ."

రేపు మొదటి ప్రార్థన నాదే. ఆ మైకులో తప్పయిందని చెబితే జనం ఆమెన్ అంటారో, లేచి వెళ్లిపోతారో. నా గొంతు అసలు పెగులుతుందో లేదో. పెగలకపోతే సౌండు పెంచేది మళ్లీ ఖాజాయే.