నీళ్లల్ల మునిగిన డబ్బీ

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ బిడ్డ లతకు గూడ నీ ఆయాసమే వచ్చింది.

నెల కింద దవాఖానల డాక్టరు కొత్త ఇన్‌హేలర్ రాసిండు. పాతదాంట్ల గ్యాసు ఆకాశంల ఓజోన్ పొరను తింటదట, ఇగ కొన్నేండ్లల్ల అది బంద్ అయితదట. కొత్తదాని రేటు ఇని లత మొఖం చిన్నబోయింది. ఆయన చదువుకున్నోడు, నిజమే చెప్పిండొచ్చు. కానీ మన రాయదుర్గంల కంపెనీల బిల్డింగుల కోసం పొద్దుగాల నుంచి గుట్టలు పేలుస్తున్నరు. కడిగిన గిన్నెల మీద గూడ దుమ్మే. దాన్నెవడూ బంద్ చెయ్యడు. పిల్ల పీల్చుకునే మందే వీళ్ల కండ్లవడ్డదా?

తెచ్చిన నాడే, కొత్తది గొంతుకు చల్లగ తగుల్తలేదని లత అన్నది. మందు ఉన్నదా, ఉత్త గాలా అని నాకు అనుమానం. నువ్వు చూసినట్టే లోపలి మందు డబ్బీ తీసి నీళ్ల గిన్నెల ఏసిన. నిండుగుంటే మునుగుతది, ఖాళీ అయితే తేలుతది అని నువ్వే చెప్పినవ్ గద. మునిగింది. సరే అనుకున్న.

ఇయ్యాల నీ సామాను తీస్తే నీ ఆఖరి డబ్బీ దొరికింది. అయిపోయిందనే అనుకున్న ఇన్నాళ్లు. నీళ్లల్ల ఏస్తే అడుగుకు పోయింది. మందు కొట్టుకున్నవా అని అడిగినప్పుడల్లా "కొట్టుకున్న చెల్లె, ఫికర్ చెయ్యకు" అనేటోడివి.

వెంటనే లత డబ్బీ గూడ ఏసిన. నెల రోజులు వాడినదైతే తేలాలె. అదీ అడుగుకే పోయింది.

లతను పిలిచి అడిగిన.

"కొట్టుకున్న అత్తా, ఫికర్ చెయ్యకు" అన్నది.