కార్లోవీ వారిలో ఒక మధ్యాహ్నం

అల్ ముంతజా, దోహా
అక్టోబరు 2022

మామా,

ఎట్లుండావు? ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో అడ్డంపడి నన్ను మాట్లాడనియ్యవు. అందుకే కాగితమ్మీద రాసి, మీ షమాల్‌కు కూరగాయలేసుకొచ్చే ఖాసీమన్న చేతికిస్తాండా. కోపంతో రాస్తాండా, ముందే చెప్తాండా.

మనిద్దరికీ ఖతర్ వీసాలొచ్చినప్పుడు ఎంత ఎగిరినాము! ఇంతే ఉండాదే దేశం, వారానికోసారన్నా కలవమా అనుకుంటిమి. తీరా చూస్తే నేనిక్కడ మేడమింట్లో పనికి, నువ్వా ఉత్తరం కొసన పెద్దాయనింట్లో డ్రైవరుగా. నాకు సెలవుంటే నీకు డ్యూటీ. నీకు సెలవుంటే మేడమ్‌కు మోకాళ్ళ నొప్పి. మొగుడూ పెండ్లాలం ఫోన్లోనే కాపరం చేసినాము.

ఈ ఎండాకాలం మేడమ్ మోకాళ్ళకని దూరదేశంలో ఆ కార్లోవీ వారి అనే, వేడినీళ్ళ బుగ్గలుండే పాతకాలపు ఊరికి పోతా నన్నూ రమ్మనింది. మీ పెద్దాయనా ఆ ఊరికే, నిన్నే తోడు తీసుకుపోతాండాడని నువ్వు చెప్తివి. నాకు కాళ్ళు నేలమీద నిలవలా. ప్రతేడూ ఆయన చక్రాల కుర్చీ తోసేదానికి మీ ఇంట్లో పనిచేసే జహాంగీర్ కదా పోయేది, ఈసారి నువ్వెట్లా అంటే, "ఏమో, పెద్దాయనకు నా మీద మనసైంది" అంటివి. నమ్మితి. పెండ్లయినాక మనం ఒక ఊరన్నా చూసినామా? ఇదే మన హనీమూన్ అని, మేడమ్ నల్ల అబాయా గౌన్ల కింద నా పచ్చ చీర దాచి పెట్టెలో పెట్టుకున్నా.

ఆ ఊరు చేరినాక ఒక మధ్యాహ్నం మేడమూ, మీ పెద్దాయనా స్నానాలకు లోపలికి పోయినారు. ఉన్నన్నాళ్ళలో మన చేతికి ఆ నాలుగు గంటలే చిక్కినాయి. ఎంత బాగుండాది మామా ఆ ఊరు! రంగురంగుల మేడలు, ఏటి గట్టెంబడి చేతులు పట్టుకొని తిరిగే ముసలి జంటలు. ఉగ్గుగిన్నెకున్నట్టు కొమ్మున్న కప్పుల్లో ఆ వేడినీళ్ళు తాగుతాండారు. నువ్వూ ఒక గుక్క తాగి, "థూ, ఉప్పు కషాయం" అని మొగం పెడితే ఎంత నగినానో. అప్పడమంత బిస్కత్తు కొనిస్తివి. బెంచీ మీద కూర్చున్న్యాము. కూర్చున్న్యామో లేదో, నా భుజమ్మీద తల పెట్టి నిద్రపోతివి.

సచ్చినోడా, అట్లనా నిద్రపోయేది? పోనీలే, అలిసిపోయినాడు, కొంచేపుండి లేస్తాడులే అనుకుంటి. లేపేదానికి మనసు రాలా. నీ నోటి పక్కనున్న బిస్కత్తు పొడి నా కొంగుతో తుడిచినా. ఎండ గట్టు దాటిపాయ. మీ పెద్దాయన ఫోన్ మోగినాకే లేచి, నా మొగం కూడా చూడకుండా ఉరికితివి.

ఆ పొద్దు నీకొకటి చెప్పాలని పోయినా మామా. నువ్వు లేస్తే చెప్దామని కూర్చున్నా. నాకింక ఇక్కడ వద్దు. నాకు బిడ్డ కావాల. ఎవురి పిల్లోళ్ళనెత్తుకున్నా కిందికి దించబుద్ధి కాదు నాకు. ఇంటికి పోయి ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకొని బతకాల, గంజైనా సరే. మేడమ్‌కు చెప్పేసినా. కొత్త పిల్ల వచ్చింది, నా వీసా క్యాన్సిల్‌కు ఇచ్చినారు. ఈ ఫుట్‌బాల్ ఆటలు మొదలయ్యే లోపల పంపిచ్చేస్తారంట. ఈ యేటితో నీ రెండేండ్లూ అయిపోతాయి కదా, నువ్వూ క్యాన్సిల్ పెట్టు. వెనకాలే వచ్చెయ్. రానంటే మాత్రం ఊరుకోను.

నీ గురవమ్మ


మదీనత్ అల్ షమాల్

గురవా,

నీ ఉత్తరం ఖాసీం ఇచ్చినాడు. బండిలో కూర్చొని చదివినా.

నేను నిద్రపోలా. మొదట్లో ఒక్క కునుకు పట్టిందేమో, అంతే. నువ్వు నా మూతి తుడిచింది తెలుసు. నీలో నువ్వు ఏందో గొణుక్కుంటా నగింది తెలుసు. కండ్లు తెరిస్తే నీకు చెప్పాల్సొచ్చేది. నోరు రాక అట్లే పడుండిపోయినా.

పెద్దాయన నన్ను పిలవలేదే. నేనే ఆయన కొడుకును బతిమాలినా. నా పెండ్లాం ఆ ఊరికొస్తాంది సార్, ఈసారికి జహాంగీర్‌కు బదులు నన్ను పంపండి అని. ఆ కొడుకు చెడ్డోడేం కాదు. "ఈ యేడు నువ్వు క్యాన్సిల్ చేసుకొని పోతావేమో, ఆటలకొచ్చే చుట్టాలకు డ్రైవర్ని యాడ తెచ్చేది? ఇంకో రెండేండ్లుంటానంటే పో" అన్నాడు. యోచన చెయ్యకుండా సరే అన్నా. నువ్వూ ఇంకా ఉంటావనుకున్నా. ఇద్దరం ఇక్కడే కదా, ఏమైతాదిలే అనుకున్నా. అక్కడికి పోకముందే వీసా కొత్తగా కొట్టిచ్చేసినాడు. నీ భుజమ్మీద తల పెట్టేటప్పటికి నేను రెండేండ్లు అమ్ముకొనుంటి.

నీ ఉత్తరం చూసి నిన్న మళ్ళా పోయి అడిగినా. "యల్లా, బండి తుడువు, చుట్టాలు దిగుతాండారు. ఇప్పుడు మాఫీ, కుదర్దు" అన్నాడు. ఆయనను తిట్టేదానికి కూడా నాకు నోరు లేదు, మాటిచ్చింది నేను.

నువ్వు మాత్రం ఆగొద్దు. నా కోసం ఉంటానంటే ఊరుకోను, పో. బిడ్డ సంగతి ఏం రాయాలో నాకు తెలీడంల్యా. నా కోసం చూస్తాండు అని రాసేదానికి మొగం లేదు, చూడొద్దు అని రాసేదానికి ప్రాణం ఒప్పడంల్యా.

నీ విమానం తేదీ ఖాసీం చెప్పినాడు. ఆ పొద్దే ఈళ్ళ చుట్టాలు మొదట దిగేది. నేనూ ఎయిర్‌పోర్టులోనే ఉంటా గురవా, కింద, వచ్చేవాళ్ళ వాకిలి దగ్గర. నువ్వు పైన పొయ్యేవాళ్ళ వాకిలి దగ్గరుంటావు. బండి వదిలి కదలొద్దని చెప్పినారు.

రామాంజులు