టీవీ ఉన్న గది

అమ్మా, నేను పదో తరగతి తప్పింది నా మట్టిబుర్ర వల్లనా, నీ టీవీ మోత వల్లనా అని ఇన్నేళ్లుగా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. మొన్న నువ్వు అక్క ఇంట్లో ఉన్న నెలంతా ఆ గదిలో టీవీ మోగలేదు, నీ మనవరాలికి లెక్కల్లో మొదటిసారి తొంభై వచ్చాయి. నిన్న తిరిగొచ్చి సీరియల్ పెట్టుకుని, చదువుకుంటున్న దాన్ని చూసి "తల్లి పోలికే, మట్టిబుర్ర" అన్నావు.

అన్నం కుక్కర్లో ఉంది. తిన్నాకే మాత్ర వేసుకో.

నేను తప్పిన రోజు నా పుస్తకాలన్నీ పాత సామాన్లవాడికి వేసేశావు, గుర్తుందా? ఇవాళ నువ్వు నడకకి వెళ్లగానే నీ టీవీని వాడికే ఇచ్చేశాను. ఆ బాకీ తీరిపోయింది.

రిమోట్ మాత్రం నీ దిండు కింద పెట్టాను. అది చేతిలో లేకపోతే నీకు నిద్ర పట్టదు కదా.